మంచి వెబ్‌సైట్ కావాలా? ముందు ప్రశ్న తేల్చుకోండి: ఒక లైబ్రేరియన్ చూపే దారి

"ఏదైనా మంచి వెబ్‌సైట్ ఉంటే చెప్పండి" అని అడిగితే లైబ్రేరియన్లు వెంటనే పేరు చెప్పరు. "దేనికోసం?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. విసుక్కుంటున్నారనుకోకండి, మా పనే అది. అడిగే మనిషికి నిజంగా కావలసిందేమిటో మాటల్లో పెట్టి రాబట్టడాన్ని మా చదువులో రిఫరెన్స్ ఇంటర్వ్యూ అంటారు, దానికి శిక్షణ కూడా ఇస్తారు.

వంద వెబ్‌సైట్ల జాబితా ఎవరైనా ఇవ్వగలరు. బుక్‌మార్క్ చేసుకుని మళ్లీ తెరవని అలాంటి జాబితాలు మీ దగ్గరా ఒకటో రెండో ఉండే ఉంటాయి. అందుకని ఇక్కడ ఏ రకం ప్రశ్నకు ఎక్కడికి వెళ్లాలో, వెళ్లాక ఏం నొక్కాలో, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మాలో వరసగా చెబుతాను. పేర్లు కొన్నే వస్తాయి. వాటిలో దాదాపు అన్నీ ఉచితం.

మొదటి అడుగు: సెర్చ్ బాక్స్ తెరవకముందే ప్రశ్న రాసుకోండి

కాగితం మీదో ఫోన్ నోట్స్‌లోనో, ఒక పూర్తి వాక్యంగా రాయండి. "చంద్రుడి మీద నీళ్లు" అన్నది ప్రశ్న కాదు, విషయం మాత్రమే. "చంద్రుడి మీద నీళ్లున్నాయా?" అన్నా ఇంకా వదులుగానే ఉంది. ధ్రువాల దగ్గర ఎప్పుడూ ఎండ పడని గుంటల్లోని మంచు గురించా? ఎండ పడే నేలలో అణువుల రూపంలో ఉన్న నీటి గురించా? ఎవరు కనిపెట్టారని అడుగుతున్నారా, ఎంత ఉందని అడుగుతున్నారా? ఒక్కోదానికి జవాబు ఒక్కోచోట ఉంటుంది. చంద్రయాన్-1 మీద వెళ్లిన పరికరం ఇచ్చిన ఆధారాలు 2009లో వచ్చాయి. అదే ఏడాది నాసా ఒక రాకెట్ భాగాన్ని కాబియస్ అనే గుంటలోకి ఢీకొట్టించి, పైకి లేచిన ధూళిలో నీటిని గుర్తించింది. ఎండ పడే నేలలోని నీటి అణువుల సంగతి 2020లో ప్రకటించారు. ఇవన్నీ కలిపేసి చదివితే ఒక వ్యాసం "కొద్దిగా" అనీ, ఇంకోటి "బోలెడంత" అనీ చెబుతున్నట్టు కనిపించి తల తిరుగుతుంది.

ప్రశ్న కింద ఇంకో మాట కూడా రాసుకోండి: ఈ జవాబుతో ఏం చేయబోతున్నారు? పిల్లలకి చెప్పడానికైతే ఒక పేరా చాలు. ప్రాజెక్టు రిపోర్టుకైతే మూల పరిశోధన పత్రం కావాలి. ఒంట్లో బాగాలేక వెతుకుతుంటే దారే వేరు, దాని గురించి కింద చెబుతాను.

రెండో అడుగు: ముందు విజ్ఞాన సర్వస్వం, తర్వాతే మిగతావి

కొత్త విషయమైతే వికీపీడియాతో మొదలుపెట్టండి. అవును, ఒక లైబ్రేరియనే చెబుతున్నాడు. వికీపీడియాలో మొదలుపెట్టడం తప్పు కాదు, అక్కడే ఆగిపోవడం తప్పు. విషయంలో వాడే అసలు పదాలు, ముఖ్యమైన పేర్లు, సంవత్సరాలు పది నిమిషాల్లో అక్కడ దొరుకుతాయి. తర్వాత సెర్చ్‌లో వేయాల్సిన పదాలు అవే.

చదివేటప్పుడు మూడు చోట్ల చూడండి. ఒకటి, వాక్యం చివర చిన్న అంకెతో ఉండే ఫుట్‌నోట్. మీకు కావలసిన వాక్యానికి ఫుట్‌నోట్ ఉంటే నొక్కి మూలానికి వెళ్లండి, లేకపోతే ఆ వాక్యాన్ని వాడకండి. రెండు, పైన ఉండే చర్చా పేజీ. దేని గురించి గొడవ పడుతున్నారో అక్కడ బయటపడుతుంది. వివాదాస్పదమైన విషయాల్లో వ్యాసం కంటే చర్చే ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం. మూడు, చరిత్ర అనే ట్యాబ్. నిన్నా మొన్నా ఎవరో విపరీతంగా మార్చిన వ్యాసమైతే కాస్త ఆగండి.

తెలుగు వికీపీడియా 2003 చివర్లో మొదలైంది. అందులో కొన్ని వ్యాసాలు చాలా బాగుంటాయి, కొన్ని రెండు లైన్లతో ఆగిపోయాయి. పొట్టి వ్యాసం తగిలితే భాషల జాబితాలో ఇంగ్లిషు నొక్కి అదే విషయాన్ని అక్కడ చూడండి. కొన్నిసార్లు ఇది తిరగబడుతుంది కూడా. తెలుగు రచయితల గురించో తెలుగు పత్రికల గురించో వెతికితే తెలుగు వ్యాసంలోనే ఎక్కువ సమాచారం ఉండవచ్చు.

వికీపీడియా పక్కన పెట్టి సరిచూసుకోవడానికి బ్రిటానికా ఉంది. 1768లో అచ్చులో మొదలై, 2012లో అచ్చు ఆపేసి పూర్తిగా ఆన్‌లైన్‌కి మారిన విజ్ఞాన సర్వస్వం ఇది. వ్యాసాలు పొట్టిగా ఉంటాయి, అన్నీ ఉచితం కాదు, కానీ సంపాదకులు చూసి వేసినవి. తత్వశాస్త్రానికి మాత్రం నేరుగా స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీకి వెళ్లండి. 1995 నుంచి నడుస్తోంది, ప్రతి వ్యాసాన్నీ ఆ రంగంలో పనిచేసేవాళ్లే రాస్తారు, పూర్తిగా ఉచితం. చదవడం మాత్రం తేలిక కాదు.

తెలుగు మాటకి అర్థం కావాలంటే ఆంధ్రభారతి నిఘంటు శోధన తెరవండి. ఒక పదం వేస్తే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌణ్య నిఘంటువు లాంటి చాలా నిఘంటువుల్లో ఒకేసారి వెతికి పెడుతుంది. తెలుగు నుంచి ఇంగ్లిషుకైతే షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా నిఘంటువుల సైట్‌లో బ్రౌన్, గ్విన్ ఇద్దరి నిఘంటువులూ ఉన్నాయి. బ్రౌన్‌ది పందొమ్మిదో శతాబ్దపు తెలుగు. ఇవాళ్టి వాడుకకు గ్విన్ దగ్గరగా ఉంటుంది.

మూడో అడుగు: పుస్తకం కావాలంటే ఈ వరసలో వెతకండి

ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్, అంటే ఆర్కైవ్ డాట్ ఆర్గ్. బ్రూస్టర్ కేల్ 1996లో మొదలుపెట్టిన లాభాపేక్ష లేని సంస్థ. పాత తెలుగు పుస్తకాల కోసం వెతికేవాళ్లకి ఇంతకు మించిన చోటు నాకు తెలియదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన పుస్తకాల ప్రతులు కూడా ఇక్కడే ఉన్నాయి. అయితే ఒక చిక్కుంది. ఆ స్కాన్ల పేర్లు చాలావరకు ఇంగ్లిషు అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాసినవి. "చరిత్ర" అన్న మాటే నాలుగైదు స్పెల్లింగులతో కనిపిస్తుంది. కాబట్టి పూర్తి పేరు వేయకండి. పేరులోని ఒకే ఒక్క ప్రత్యేకమైన పదాన్ని వేర్వేరు స్పెల్లింగులతో ప్రయత్నించండి, దొరక్కపోతే రచయిత ఇంటిపేరుతో, తర్వాత తెలుగు లిపిలో వెతకండి. ఎడమవైపు భాష అనే ఫిల్టర్‌లో తెలుగు ఎంచుకుంటే చెత్త తగ్గుతుంది. రచయిత పేరు తప్పుగా ఎక్కించిన పుస్తకాలు కూడా ఉన్నాయి, అందుకని ముఖపత్రం తెరిచి చూడందే ఏ పుస్తకమో నిర్ధారించుకోకండి.

సెర్చ్ బాక్స్ కింద, పుస్తకాల లోపలి పాఠంలో వెతికే వీలు కూడా ఉంటుంది. ఇంగ్లిషు పుస్తకాలకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. పాత తెలుగు అచ్చును కంప్యూటర్ అంత బాగా చదవలేదు, కాబట్టి తెలుగులో దీన్ని నమ్ముకుని "ఆ మాట ఈ పుస్తకంలో లేదు" అనేయకండి.

కాపీరైట్ ఉన్న కొన్ని పుస్తకాలను ఇదే సంస్థ గంటసేపో పద్నాలుగు రోజులో అరువిస్తుంది. ప్రచురణకర్తలు వేసిన కేసులో 2024లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయింది. ఆ కేసు వల్ల 5 లక్షలకు పైగా పుస్తకాలను అరువు జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. అప్పట్లో చదివిన పుస్తకం ఇప్పుడు కనబడకపోతే తప్పు మీది కాకపోవచ్చు.

ఇంగ్లిషు క్లాసిక్స్‌కి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్. 1971లో మైఖేల్ హార్ట్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్‌లోకి ఎక్కించడంతో మొదలై, ఇప్పుడు పుస్తకాల సంఖ్య 70,000 దాటింది. స్కాన్ చిత్రాలు కాకుండా మనుషులు సరిచూసిన పాఠం కాబట్టి ఫోన్‌లో కూడా హాయిగా చదువుకోవచ్చు. కళ్లకు శ్రమ వద్దనుకుంటే లిబ్రివాక్స్‌లో ఇలాంటి పుస్తకాలనే స్వచ్ఛందంగా చదివి రికార్డు చేసినవాళ్లున్నారు. గొంతులు అన్నీ ఒకేలా ఉండవు, మొదటి అధ్యాయం విని నిర్ణయించుకోండి. ఈ రెండు సైట్లూ అమెరికా కాపీరైట్ చట్టాన్ని బట్టి నడుస్తాయి. మీరుండే దేశంలో ఆ పుస్తకానికి కాపీరైట్ ఇంకా ఉండవచ్చు.

ఆన్‌లైన్‌లో ఎక్కడా లేకపోతే వరల్డ్‌క్యాట్‌లో చూడండి. ప్రపంచంలోని వేలాది లైబ్రరీల క్యాటలాగుల్ని ఒకచోట వెతికే సైట్ ఇది. పుస్తకం పేరు, మీ ఊరి పేరు ఇస్తే దగ్గర్లో ఏ లైబ్రరీలో ఉందో చూపిస్తుంది, ఆ లైబ్రరీ ఇందులో చేరి ఉంటే. పుస్తకం గుర్తింపు సంఖ్య, అంటే ఐఎస్‌బీఎన్ తెలిస్తే అదే వేయండి, పేర్ల గందరగోళం ఉండదు. 2007కి ముందు పుస్తకాల మీద ఆ నంబరు పది అంకెలు, తర్వాత పదమూడు.

నాలుగో అడుగు: తెలుసుకోవడం వేరు, నేర్చుకోవడం వేరు

లెక్కలు, సైన్స్ మొదటి నుంచి పట్టుకోవాలంటే ఖాన్ అకాడమీ. చాలామంది చేసే పొరపాటు, తమ తరగతి పాఠం తెరిచి వీడియోలు వరసగా చూసుకుంటూ పోవడం. అలా చేయకండి. ఒక తరగతి వెనక్కి వెళ్లి, ఆ కోర్సులోని కోర్స్ ఛాలెంజ్ అనే పరీక్ష ముందు రాయండి. ఎక్కడ తప్పు పోయిందో ఆ పాఠాలు మాత్రమే చూడండి. వీడియో చూసినప్పుడు అర్థమైనట్టే ఉంటుంది, లెక్క చేస్తే గానీ నిజం తేలదు.

భౌతిక శాస్త్రంలో బొమ్మ చూస్తే గానీ తలకెక్కని విషయాలకు ఫెట్ సిమ్యులేషన్లు ఉన్నాయి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టినవి. బల్బు, బ్యాటరీ, తీగలు మీరే కలిపి కరెంటు ఎటు పోతుందో చూడొచ్చు. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి.

కాలేజీ స్థాయి పాఠ్యపుస్తకాలకు ఓపెన్‌స్టాక్స్. రైస్ విశ్వవిద్యాలయం వారివి, పీడీఎఫ్‌లు ఉచితం, చట్టబద్ధం. ఎవరో స్కాన్ చేసిన పాత ఎడిషన్ కోసం వైరస్‌లున్న సైట్లలో తిరిగే బదులు ముందు ఇక్కడ చూడండి. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో క్లాసు వీడియోలతో పాటు హోంవర్కులు, పరీక్ష పేపర్లు కూడా పెట్టారు. సర్టిఫికెట్ రాదు. గిల్బర్ట్ స్ట్రాంగ్ లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు ఒక్కటి చూడండి, బోర్డు మీద సుద్దముక్కతో ఎంత చెప్పొచ్చో తెలుస్తుంది.

ఐదో అడుగు: పరిశోధన పత్రాలు

గూగుల్ స్కాలర్ తెరిచి రెండో అడుగులో దొరికిన పదాలు వేయండి. కచ్చితంగా ఒకే వరసలో ఉండాల్సిన మాటల్ని కొటేషన్ మార్కుల మధ్య పెట్టండి. ఫలితం కింద రెండు లింకులు ముఖ్యం. ఈ పత్రాన్ని తర్వాత ఎవరెవరు ఉటంకించారో చూపించేది ఒకటి. పాత పత్రం నుంచి కొత్త పరిశోధన దాకా రావడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు. అన్ని వెర్షన్లూ చూపించేది రెండోది. జర్నల్ సైట్ డబ్బులడిగితే, అదే పత్రాన్ని రచయిత తన యూనివర్సిటీ పేజీలో ఉచితంగా పెట్టాడేమో అక్కడ తెలుస్తుంది. అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఈ వెతుకులాట మీ బదులు చేసి, చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఉంటే చెబుతుంది. అప్పటికీ దొరక్కపోతే రచయితకే మర్యాదగా ఒక మెయిల్ రాయండి. చాలామంది సంతోషంగా పంపిస్తారు.

భౌతికం, గణితం, కంప్యూటర్ సైన్స్‌లో తాజా పత్రాలు ఆర్కైవ్ అనే మరో సైట్‌లో ఉంటాయి. పైన చెప్పిన ఇంటర్నెట్ ఆర్కైవ్ వేరు, ఇది 1991లో పాల్ గిన్స్‌పార్గ్ పెట్టింది వేరు. ఇంగ్లిషులో దీని పేరు మధ్యలో ఎక్స్ అక్షరం ఉంటుంది. ఇక్కడి పత్రాలను తోటి శాస్త్రవేత్తలు ఇంకా సమీక్షించి ఉండకపోవచ్చు, అది గుర్తుపెట్టుకుని చదవండి.

ఆరోగ్యం విషయం వేరే అన్నాను కదా. రోగం పేరు సెర్చ్‌లో కొడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. మెడ్‌లైన్‌ప్లస్‌కి వెళ్లండి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం మామూలు పాఠకుల కోసం నడిపే సైట్ ఇది, ప్రకటనలు ఉండవు, మందులు అమ్మరు. ఒక చికిత్స నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నైతే కాక్రేన్ సమీక్షలు చూడండి. ఒకే విషయం మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి తూచి, తేలిక భాషలో సారాంశం ఇస్తారు. వైద్య పరిశోధన పత్రాలను వెతికే పబ్‌మెడ్ కూడా అందరికీ తెరిచే ఉంది, కానీ అందులో కోట్ల కొద్దీ పత్రాల వివరాలున్నాయి. పది ఎలుకల మీద చేసిన ప్రయోగం, పదివేల మంది మీద చేసిన పరీక్ష పక్కపక్కనే కనిపిస్తాయి. వెళ్తే ఎడమవైపు సిస్టమాటిక్ రివ్యూ (పరిశోధనలన్నిటినీ కలిపి తూచిన సమీక్ష) అనే ఫిల్టర్ పెట్టుకునే వెళ్లండి. ఇదంతా డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు తయారు చేసుకోవడానికే, మందు మార్చుకోవడానికి కాదు.

ఇంకో జాగ్రత్త. అచ్చైన పత్రాన్ని వెనక్కి తీసుకోవడం కూడా జరుగుతుంది. టీకాకీ ఆటిజంకీ ముడిపెడుతూ 1998లో ద లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పత్రం 12 మంది పిల్లల మీద రాసినది. దాన్ని ఆ పత్రిక పూర్తిగా వెనక్కి తీసుకున్నది 2010లో. ఈ మధ్యలో అది ఎంత దూరం పాకిందో అందరూ చూశారు. ఒక్క పత్రం మీదే ఆధారపడి ఏదైనా చెప్పబోతుంటే, దాని పేరు వెనక్కి తీసుకున్న పత్రాల జాబితా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో ఒకసారి వేసి చూడండి.

ఆరో అడుగు: అంకెలు

జనాభా, ఆయుర్దాయం, పేదరికం, ఉద్గారాలు, ఇలాంటి వాటికి అవర్ వరల్డ్ ఇన్ డేటా. గ్రాఫు కింద మూలం ఎక్కడిదో రాసి ఉంటుంది, డేటా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ప్రపంచ బ్యాంకు కూడా తన డేటాను 2010 నుంచి ఉచితంగా తెరిచి పెట్టింది. అంకె ఎత్తి రాసేటప్పుడు అది ఏ సంవత్సరానిదో పక్కనే రాయండి. ఏడాది లేని అంకె ఎందుకూ పనికిరాదు.

ఏడో అడుగు: తెలియని సైట్ తగిలితే దాన్ని చదవకండి, దాని గురించి చదవండి

ఇది మిగతా అన్ని అడుగుల కంటే ముఖ్యమని నేననుకుంటాను. స్టాన్‌ఫర్డ్‌కి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక పరిశీలన బయటపెట్టారు. చరిత్ర ప్రొఫెసర్లకీ విద్యార్థులకీ వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్లకీ కొన్ని వెబ్‌సైట్లు ఇచ్చి, ఎంత నమ్మదగినవో చెప్పమన్నారు. ప్రొఫెసర్లలో, విద్యార్థుల్లో చాలామంది ఇచ్చిన పేజీనే పైనుంచి కిందిదాకా చదివి, లోగో బాగుందా, ఫుట్‌నోట్లు ఉన్నాయా అని చూసి మోసపోయారు. నిజనిర్ధారణ చేసేవాళ్లు కాసేపటికే ఆ పేజీ వదిలేసి, పక్కన కొత్త ట్యాబ్ తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులేమంటున్నారో చూశారు. దీనికి లేటరల్ రీడింగ్ అని పేరు.

మీరూ అంతే చేయండి. కొత్త ట్యాబ్ తెరవండి. సంస్థ పేరు కొటేషన్ మార్కుల్లో వేసి, దాని సొంత సైట్ కాకుండా మిగతా చోట్ల ఏముందో చూడండి. డబ్బు ఎవరిస్తున్నారు, ఎప్పుడు పెట్టారు, ఇంకెవరి పేరుకైనా దగ్గరగా పేరు పెట్టుకున్నారా? ఆ పరిశీలనలో ఇచ్చిన వాటిలో దాదాపు ఒకే పేరున్న పిల్లల డాక్టర్ల సంఘాలు రెండున్నాయి. ఒకటి వేలాది మంది సభ్యులున్న పెద్ద సంఘం, ఇంకోటి దాన్నుంచి విడిపోయిన చిన్న గుంపు. పేజీల అందం చూస్తే ఈ తేడా తెలియదు. చివర డాట్ ఆర్గ్ ఉంది కదా అని నమ్మే అలవాటు కూడా మానుకోండి, ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఎనిమిదో అడుగు: దొరికింది పోగొట్టుకోకండి

వెబ్ పేజీలు మాయమవుతుంటాయి. ముఖ్యమైన పేజీ లింకును ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో, పేజీని భద్రపరచమనే చోట పేస్ట్ చేయండి. ఆ రోజు ఆ పేజీ ఎలా ఉందో తేదీతో సహా నిలిచిపోతుంది. చనిపోయిన లింకు తగిలినప్పుడు కూడా అక్కడే వేసి చూడండి, పాత ప్రతి దొరకొచ్చు.

పరిశోధన చేసేవాళ్లయితే జొటేరో పెట్టుకోండి. 2006లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్. బ్రౌజర్‌లో ఒక్క బటన్ నొక్కితే పుస్తకం, పత్రం వివరాలన్నీ తీసుకుంటుంది, రిఫరెన్సుల జాబితా తనే తయారు చేస్తుంది. మీరు దాచుకున్న పత్రాన్ని తర్వాత ఎప్పుడైనా జర్నల్ వెనక్కి తీసుకుంటే హెచ్చరిస్తుంది కూడా. అంత అక్కర్లేకపోతే ఒక మామూలు ఫైల్ చాలు: ప్రశ్న, దొరికిన జవాబు, లింకు, చూసిన తేదీ.

ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే సరిపోదా?

అడగండి, తప్పులేదు. వెతకాల్సిన పదాలు తెలియనప్పుడు బాగా పనికొస్తుంది. కానీ అది ఇచ్చే పుస్తకాల పేర్లు, పత్రాల పేర్లు నిజంగా ఉన్నాయో లేదో చూడకుండా ఎక్కడా రాయకండి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పుల్ని నిజమనుకుని కోర్టులో దాఖలు చేస్తే 5,000 డాలర్ల జరిమానా పడింది. అలా ఇచ్చిన పుస్తకం పేరును వరల్డ్‌క్యాట్‌లో, పత్రం పేరును స్కాలర్‌లో కొట్టండి. డీఓఐ నంబరు (ఒక్కో పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఉంటే, 10తో మొదలయ్యే ఆ నంబరును డీఓఐ డాట్ ఆర్గ్‌లో వేయండి. తెరుచుకున్న పత్రం అదేనా అని కూడా చూడండి. నంబరు నిజమే ఉండి, పత్రం వేరేది కావడం మామూలే. ఎక్కడా దొరకని పేర్లు పట్టుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు.

ఇన్ని చేసినా దొరక్కపోతే లైబ్రేరియన్‌ని అడగండి. చాలా పెద్ద లైబ్రరీలకు ఆన్‌లైన్‌లోనే ప్రశ్న పంపే పేజీ ఉంటుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా దూరం నుంచి వచ్చే ప్రశ్నలు తీసుకుంటుంది. అడిగేటప్పుడు మొదటి అడుగులో రాసుకున్న వాక్యం, ఇప్పటిదాకా ఎక్కడెక్కడ ఏ పదాలతో వెతికారో, ఎప్పటికి కావాలో, ఈ మూడూ పంపండి. వెతికేసిన చోట మళ్లీ వెతికే పని మాకు తప్పుతుంది, జవాబు మీకు త్వరగా వస్తుంది.